రాణిగారి ఉడుపులు

మేము రేడియోలో పనిచేయువారము. మా రాణులకు ఉడుపులు లేవు. మహామంత్రి వచ్చినను, సేనాపతి వచ్చినను, అంతఃపురమునుండి పట్టమహిషియే వచ్చినను, శ్రోతకు చేరునది కంఠమొక్కటియే. తలపై కిరీటమున్నదో లేదో, కట్టినది పట్టో నూలో, వినువారు తమకు తోచినట్లు ఊహించుకొందురు. ఇది మాకు లోపమా, సౌకర్యమా అని చాలకాలము తేల్చుకొనలేకపోతిమి.

ఒకప్పుడు ఒక చారిత్రక నాటకము తయారుచేయుచుండగా జరిగినది చెప్పెదము. రాణి పాత్ర ధరించిన నటీమణి రంగస్థలముపై పేరుపడినవారు. రికార్డింగు నాడు పెద్ద జరీ అంచు పట్టుచీర కట్టి, రెండు చేతులనిండ గాజులు వేసికొని స్టూడియోకు వచ్చినారు. మైకు ముందు చేయి కదిపినప్పుడెల్ల గాజులు గలగలలాడుచున్నవి. అద్దము వెనుక మా ఇంజనీరు తల పట్టుకొనెను. ముత్తైదువను గాజులు తీయుమని ఎట్లనగలము? "అమ్మా, చేతులకు ఈ తువాలు కాస్త చుట్టుకోండి, చప్పుడు వినబడుతోంది" అంటిమి. ఆమె చుట్టుకొనినారు, చదివినారు. మాటలన్నియు సరిగానే ఉన్నవి. రాణి మాత్రము లేదు. మరల చదివించి చూచితిమి. చివరకు ఆమెయే, "చేతులు కట్టేస్తే నేను అధికారం ఎట్లా చేస్తానండీ? ఆ చీరా, ఆ గాజులూ ఉంటేనే నాకు ఆ నడక వస్తుంది. నడక వస్తేనే గొంతు వస్తుంది" అన్నారు. తువాలు విప్పించి, మైకును మూరెడు దూరము జరిపి, గాజుల చప్పుడుతోనే రికార్డు చేసితిమి. తరువాత వచ్చిన ఉత్తరములలో ఒకటి, ఆ అంతఃపురపు గలగలలు ఏ రికార్డునుండి తీసితిరని అడిగినది.

భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికమని నాలుగు విధములుగా చెప్పెను. మా పాలికి వచ్చినది వాచికము. ఆహార్యము, అనగా వేషము, మాకు అక్కరలేనిదనుకొంటిమి. అది పైపై అలంకారము కాదని కూచిపూడివారికి మొదటినుండి తెలియును. భామాకలాపములో సత్యభామ ముఖము కనుపించుటకు ముందే ఆమె జడ తెరమీదికి వచ్చి పడును. ఆ జడ ఒక సవాలు. ఆమె గర్వమంతయు అందులో అల్లియున్నది. ఆనాటి గాజుల సంగతి తరువాత, కంటికి కనుపించు చారిత్రక నాటకములను మేము వేరొక దృష్టితో చూడసాగితిమి. మాటలాడువారిని చూచుటకు ముందు వారి ఉడుపులను చూచుట అలవాటైనది. అట్లు చూచినవానిలో మమ్ము ఎక్కువగా నిలిపివేసినది ఇంగ్లండు దేశపు ఒక రాణి కథ.

ఆ నాటకము పేరు 'ఎలిజబెత్ ఆర్'. ఆ చివరి అక్షరము లాటిను భాషలో రాణి అను అర్థమిచ్చు రెజీనా అను మాటకు పొడి గుర్తు. మొదటి ఎలిజబెత్తు రాణి చేవ్రాలు అదియే. బి.బి.సి. వారి రెండవ ఛానలులో 1967 జూలై 1న రంగుల టెలివిజన్ ప్రసారములు ఆరంభమైనవి. రంగు వచ్చిన పిమ్మట రాజవంశముల కథలకు ఎక్కడలేని గిరాకి కలిగినది. 1970 లో ఎనిమిదవ హెన్రీ కథను ఆరుగురు భార్యల పేర ఆరు నాటకములుగా చూపిరి. మరుసటి సంవత్సరము, 1971 ఫిబ్రవరి, మార్చి నెలలలో, ఆయన కూతురి కథను మరి ఆరు భాగములుగా చూపిరి. ఒక్కొక్క భాగము గంటన్నర. ఆరు భాగములను ఆరుగురు రచయితలు వ్రాసిరి. పదునైదేండ్ల బాలికనుండి అరువదితొమ్మిదేండ్ల వృద్ధురాలివరకు రాణిగా నటించినది ఒక్కరే, గ్లెండా జాక్సన్. అప్పటికి ఆమెకు ముప్పదినాలుగు ఏండ్లు. తరువాతి కాలమున, 1992 లో, ఈమె నిజముగనే పార్లమెంటు సభ్యురాలైనది; అది వేరే కథ.

ఆరుగురు రచయితలనగా ఆరు కలములు, ఆరు మనస్తత్త్వములు. ఒకరి రాణి చమత్కారి, ఇంకొకరి రాణి భయస్థురాలు. ఈ ఆరుగురిని ఒక్క మనిషిగా చేయవలసిన భారము ఇద్దరిపై పడినది: నటిపైన, ఉడుపులు కల్పించిన ఎలిజబెత్ వాలర్ పైన. ఆ పనికి వాలరుకు 1972 లో అమెరికా దేశపు ఎమ్మీ బహుమతి లభించినది. బహుమతికంటె ఆమె పరిష్కరించిన చిక్కు మాకు ముఖ్యము.

ఆ చిక్కు ఏమనగా, పదునారవ శతాబ్దపు ఇంగ్లండులో ఉడుపు అనునది చదువదగిన భాష. అంతేకాదు, శాసనము. 1574 లో ఎలిజబెత్తు రాణియే ఒక ప్రకటన చేసినది. ఊదారంగు పట్టు, సరిగ బట్ట, సేబుల్ అను జంతువుయొక్క బొచ్చుతోలు రాజకుటుంబమునకు చెందినవి. డ్యూకులు, ఎర్లు మొదలైనవారికి కొన్ని మినహాయింపులు. ఆ క్రింద ఏ అంతస్తువాడు ఏ మఖమలు వేసికొనవచ్చునో, ఎవని భార్యకు ఏ అంచు తగునో వరుసగా వ్రాసియుండెను. ఇట్టి శాసనములు 1604 వరకు అమలులో నుండెను. ఎంతవరకు పాటించిరన్నది వేరు మాట. ప్రకటనలు పదేపదే వెలువడుటను బట్టియే జనము ఎంత పాటించిరో ఊహింపవచ్చును. కాని వీధిలో పోవు మనిషిని చూచి వాని స్థానము చెప్పగల నేర్పు అందరికిని ఉండెడిది.

అందుచేతనే ఆనాటి నాటకశాలలలో నాటకముకంటె ఉడుపు ఖరీదు. హెన్స్లో అను నాటకశాల యజమాని లెక్కల పుస్తకము నేటికిని నిలిచియున్నది. 1603 లో థామస్ హేవుడ్ వ్రాసిన ఒక నాటకమునకు ముట్టినది 6 పౌనులు. అందులో నాయిక ధరించు నల్ల మఖమలు గౌనుకు అయినది 6 పౌనుల 13 షిల్లింగులు. రేడియోకు నాటకములు వ్రాయు మా మిత్రులకు ఈ సంగతి చెప్పినప్పుడు వారు నవ్వలేదు. 1599 లో లండను చూచిన ప్లాటర్ అను స్విస్ యాత్రికుడు ఇంకొక వింత వ్రాసెను. ప్రభువులు చనిపోవునప్పుడు మంచి ఉడుపులను సేవకులకు వ్రాసి ఇత్తురట. సేవకులు వానిని ధరింపరాదు కనుక నటులకు చౌకగా అమ్ముకొందురట. అనగా రంగస్థలముపై రాజు వేషము వేసినవాని ఒంటిపై నిజమైన ప్రభువు కోటు ఉండుటకు అవకాశము కలదు.

నేటి ప్రేక్షకునికి ఈ భాష రాదు. సేబుల్ బొచ్చును, కుందేలు బొచ్చును అతడు వేరుచేయలేడు. కనుక టెలివిజన్‌లో ఉడుపులు కల్పించువారు ఆ కాలపు ఉడుపును తెచ్చి నిలిపినంతమాత్రమున చాలదు. కథ నడచుచుండగనే ఆ భాషను మనకు నేర్పవలెను. నేర్పుటకు మార్గము ఒక్కటే, మార్పు. ఒకే మనిషి నిన్న ఏమి ధరించినది, నేడు ఏమి ధరించినది, ఏది విడిచినది అని చూపుట. ఎలిజబెత్తు జీవితము దీనికి పుట్టిన కథ.

ఆమె 1533 సెప్టెంబరు 7న పుట్టినది. పదుమూడేండ్ల ప్రాయమునాటి చిత్తరువు ఒకటి ఇంగ్లండు రాజవంశపు సేకరణలో ఉన్నది. ఎఱ్ఱని ఉడుపు, ముత్యములు, చేతిలో పుస్తకము. రాజుగారి కూతురని చూడగనే తెలియును. తండ్రి 1547 లో చనిపోయెను. సవతి తమ్ముడు ఎడ్వర్డు చిన్నవాడు. అతని మేనమామలలో ఒకడైన థామస్ సీమోర్ ఈ బాలికను వలలో వేసికొన ప్రయత్నించెనని 1549 లో విచారణ జరిగినది. ఆమె గర్భవతియని పుకారు పుట్టినది. పదునైదేండ్ల పిల్ల! తన్ను అందరును కన్నులార చూచునట్లు దర్బారుకు రానిండని ఆమె లేఖ వ్రాసినది. సీమోర్ తల తెగినది. ఆ తరువాత కొన్ని సంవత్సరములు ఆమె నగలు, రంగుబట్టలు మాని సాదా ఉడుపులలో మెలగినది. గురువైన రోజర్ ఆస్కమ్ ఆమె నిరాడంబరతను మెచ్చుకొని వ్రాసెను. మెచ్చుకొనదగినదే. కాని ఆ నిరాడంబరతలో ఎంత భక్తి కలదో, ఎంత జాగ్రత్త కలదో ఎవరు చెప్పగలరు? పుకారు పుట్టిన ఇంటి ఆడపిల్ల తలవంచి తెల్లచీర కట్టుటవంటిది అది. మా వీధులలోను చూచితిమి.

1554 లో అక్క మేరీ రాణిగా నుండగా తిరుగుబాటు జరిగి అనుమానము చెల్లెలిపై పడినది. ఆమెను లండనుకు తీసికొనివచ్చునప్పుడు పల్లకి తెరలు తీయించి, తెల్లని ఉడుపులతో, జనమందరు చూచునట్లు కూర్చుండి వచ్చినది. కొద్దివారములకే ఆమెను టవర్ కోటలో బంధించిరి. నోరు విప్పినచో ప్రాణమునకు ముప్పు. తెలుపు తానే మాటలాడవలెను. ఈ సంవత్సరముల కథయే మొదటి భాగము. అందులో జాక్సన్ ఒంటిపై బట్ట తక్కువ, కదలిక ఎక్కువ. చేతులు, మెడ, నడుము స్వేచ్ఛగా తిరుగును. ఈ స్వేచ్ఛను గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

1558 నవంబరు 17న మేరీ మరణించి ఎలిజబెత్తు రాణియైనది. 1559 జనవరి 15న పట్టాభిషేకము. ఆ సరిగ ఉడుపు కొత్తది కాదు. 1553 లో అక్క పట్టాభిషేకమునకు కుట్టించినదే. పైరవికను, చేతులను మాత్రము కొత్తగా కుట్టించి, క్రింది భాగమును, పై దుప్పటిని అట్లే వాడుకొనిరి. తన్ను చెరపెట్టిన అక్క బట్ట! పొదుపు అనువారు అనవచ్చును. ఖజానా ఖాళీగానే ఉండెను. కాని పెద్దింటి పెండ్లిలో అక్క చీర చెల్లెలు కట్టినప్పుడు పెద్దలు ఏమి చూతురో మన ఇండ్లలోని స్త్రీలకు చెప్పనక్కరలేదు. వారసత్వము తెగలేదని ఆ బట్ట చెప్పినది. జుట్టు మాత్రము కన్యవలె భుజములపై విరబోసికొనినది. ఆ నాటి రూపము 1600 ప్రాంతమున తీసిన ప్రతిలో నేటికిని చూడవచ్చును.

వాలర్ మొదలైన కల్పకులు ఇట్టి చిత్తరువులనే ఆధారముగా చేసికొనిరి. వేరే ఆధారము ఏది? రాణి దుస్తుల జాబితా 1600 లో తయారైనది. వందలకొలది గౌనులు, పావడాలు, పైవస్త్రములు అందులో ఎక్కియున్నవి. వానిలో నిలిచినది ఇంచుమించు శూన్యము. బట్ట ఖరీదైనది కనుక విప్పి మరల కుట్టిరి, బహుమానముగా ఇచ్చిరి, గుళ్ళకు ఇచ్చిరి. హెర్‌ఫర్డ్‌షైర్‌లో బాక్టన్ అను పల్లె చర్చిలో పూజాపీఠముపై కప్పు వస్త్రమొకటి చాలకాలముగా ఉండెను. వెండి జరీ నేతపై పువ్వులు, తీగెలు, చిన్న చిన్న జంతువులు కుట్టియున్నవి. అది రాణిగారి ఉడుపులోని ముక్కయై యుండునని 2016 లో ఎలరీ లిన్ అను దుస్తుల చరిత్రకారిణి గుర్తించినది. రాణికి జీవితాంతము సేవచేసిన బ్లాంచ్ ప్యారీ ఆ ఊరి మనిషి. 2019 లో ఆ గుడ్డను హాంప్టన్ కోర్టు రాజసౌధములో ప్రదర్శించిరి.

చిత్తరువును చూచి ఉడుపు కుట్టుటలో ఒక వల ఉన్నది. ఎలిజబెత్తు చిత్తరువులే ఒక వేషము. ఆమె ముఖమును చిత్రకారులు తమ ఇష్టము వచ్చినట్లు వ్రాయరాదని 1563 లోనే ఒక ప్రకటన ముసాయిదా తయారైనది. 1596 లో రాణికి నచ్చని చిత్తరువులను పట్టి తెచ్చి నాశనము చేయుడని మంత్రిమండలి ఉత్తరువిచ్చినది. హాట్‌ఫీల్డ్ భవనములో 'ఇంద్రధనుస్సు చిత్తరువు' అను పేరుగల పటమున్నది. అది వ్రాయునాటికి రాణి డెబ్బదికి చేరువలో ఉన్నది. పటములో ఇరువదియేండ్ల పడుచు. ఆమె పైవస్త్రమంతట కన్నులు, చెవులు చిత్రించియున్నవి. రాణికి అన్నియు కనుపించును, అన్నియు వినిపించునని కాబోలు. (ఆ చెవుల సంగతి మా వృత్తివారికి ప్రత్యేకముగా నచ్చును.) 1597 లో ఆమెను చూచిన ఫ్రెంచి రాయబారి డి మెస్ వ్రాసిన రూపము వేరు. వెండి జాళీ ఉడుపు, ఎఱ్ఱని విగ్గు, ముత్యముల పేరులు, పసుపుపచ్చని పండ్లు. ఎడమవైపు పండ్లు ఊడిపోవుటచే త్వరగా మాటలాడినప్పుడు మాట తెలియుట కష్టమట.

మరి ఏది నిజము? పటమును అనుసరించినచో రాణి తాను కల్పించుకొన్న బొమ్మకు మనము నకలు తీసినవారమగుదుము. రాయబారిని అనుసరించినచో రాణియే పోవును, ముసలామె మిగులును. ఆ ఆరు భాగములవారు రెంటిని ఒకచోటనే ఉంచినారు. ఉడుపు పటమునుండి తెచ్చిరి, దాని లోపల మనిషిని రాయబారి చూచినట్లు ఉంచిరి. జాక్సన్ ఆ పాత్రకొఱకు ముందరి జుట్టు గొరిగించుకొనినది. విగ్గు విగ్గేయని తెలియుటకు క్రింద నిజముగా జుట్టు లేకుండవలెను గదా.

ఇక ఉడుపు మనిషిని ఎట్లు మలచునో చూతము. ఆనాటి ఉడుపు ఒకే బట్ట కాదు. ముక్కలు ముక్కలుగా తొడిగి, వేలకొలది గుండుసూదులతో కలుపవలసినది. నడుముక్రింద ఫార్దింగేల్ అను చట్రము. 1590 ప్రాంతమున అది బండిచక్రమువలె అడ్డముగా విస్తరించినది. మెడచుట్టు రఫ్ అను ముడుతల పట్టీ. మన ఇండ్లలో పంచెకు గంజిపెట్టుట ఎంత పాతదో కాని, ఇంగ్లండుకు ఆ విద్య ఆలస్యముగా వచ్చినది. 1564 లో ఫ్లాండర్స్‌నుండి వచ్చిన దింఘెన్ అను స్త్రీ లండనులో రుసుము తీసికొని గంజిపెట్టుట నేర్పినదని ఆనాటి చరిత్ర చెప్పుచున్నది. గంజి రాగానే రఫ్ పెరిగినది. జానెడయినది, పళ్ళెమయినది. దానిని ధరించినవారు తల వంచలేరు. ప్రక్కకు చూడవలెనన్న ఒళ్ళంతయు త్రిప్పవలెను. గడ్డము ఎత్తియే ఉంచవలెను. ఎవరైనను దగ్గరకు వచ్చి చెవిలో మాట చెప్పుటకు చక్రము అడ్డు. చూచువారికి అది అహంకారము. అది అహంకారమో, గంజియో విడదీయుట సాధ్యము కాదు. మా నటీమణి చెప్పినదే: ఉడుపువలన నడక, నడకవలన గొంతు.

మొదటి భాగములో స్వేచ్ఛగా తిరిగిన మెడ చివరి భాగమునకు వచ్చుసరికి ఒక పళ్ళెములో అమర్చిన తలయైనది. ముఖముపై దట్టమైన తెల్లపూత. చేతివ్రేళ్ళు, కన్నులు, గొంతు తప్ప కదలునది లేదు. ఇరువదిలో ఆమె ఉడుపు వేసికొన్నది. అరువదిలో ఉడుపు ఆమెను వేసికొన్నది. ఏ రచయితయు ఈ సంగతిని మాటలలో చెప్పలేదు. ఆరుగురు వేర్వేరుగా వ్రాయుటచే చెప్పు వీలును లేదు. గంజి, చట్రము, పూత కలిసి చెప్పినవి.

ఇచ్చట ఒక వివాదము. ఖరీదైన బట్ట లేనిదే చరిత్ర నమ్మిక కలిగింపదని కొందరందురు. మేము ఒప్పుకొనము. 1970 నాటి టెలివిజన్‌కు సొమ్ము తక్కువ. ఆరుగురు భార్యల నాటకములకు ఉడుపులు కల్పించిన జాన్ బ్లూమ్‌ఫీల్డ్ చౌకబట్టపై రంగులు, జిగురులు అద్ది జరీపనిగా భ్రమింపజేసెను. ఆనాటి తెరకు సన్నని కుట్టుపని ఆనదు. దూరమునకు తెలియు మోటుపని కావలెను. మన సురభివారి కిరీటములలో నిజమైన రత్నములున్నవా? కీత్ మిచెల్ ఎనిమిదవ హెన్రీగా భాగభాగమునకు మెత్తలు పెంచుకొనుచు, తుదకు కదలలేని కొండయైనప్పుడు, ఆ జిగురుపని మఖమలుకంటె నిజమనిపించినది.

నలువదియైదేండ్ల తరువాత, 2015 లో, అదే హెన్రీ దర్బారును 'వుల్ఫ్ హాల్' అను ఆరు భాగముల నాటకములో మరల చూపిరి. హిలరీ మాంటెల్ నవలలు ఆధారము. దర్శకుడు పీటర్ కాస్మిన్‌స్కీ, ఉడుపులు జొయానా ఈట్‌వెల్. ఈసారి కెమెరాకు ప్రతి దారము కనుపించును. రాత్రి దృశ్యములను క్రొవ్వొత్తుల వెలుగులో తీసిరి. ఆ వెలుగులో పట్టు మెరయును, జరీ మండును, నల్ల ఉన్ని కనుపింపకపోవును. కథానాయకుడు థామస్ క్రామ్‌వెల్ ఆ నలుపులోనే తిరుగును. అతడు పట్నీలోని కమ్మరివాని కొడుకు. యౌవనమున ఆంట్వెర్ప్ బట్టల వర్తకుల నడుమ బ్రతికినవాడు. ఎదుటివాని చొక్కాను చూచి గజము ధర చెప్పగలవాడు. తాను మాత్రము ఎవరి కంటను పడని రంగు తొడుగును. ఎఱ్ఱని కార్డినలు, బంగారపు రాజు, వారి నడుమ నీడవలె ఈ నల్లకోటు. మాటలు తక్కువ పలికిన మార్క్ రైలన్స్ పాత్రకు ఆ నీడయే సంభాషణము.

అయినను ఉడుపు అన్నిటికంటె బిగ్గరగా మాటలాడునది తొడిగినప్పుడు కాదు, ఊడినప్పుడు. క్రామ్‌వెల్ ఎదిగి ఎదిగి 1537 లో గార్టర్ వీరుడైనాడు, 1540 ఏప్రిలులో ఎర్లు అయినాడు. ఆ జూను 10న మంత్రిమండలి సమావేశములోనే అతనిని పట్టుకొనిరి. నార్‌ఫక్ డ్యూకు అతని మెడలోని సెయింట్ జార్జి పతకమును లాగివేసెనని, మరియొక ప్రభువు మోకాలి గార్టర్ పట్టీని విప్పెనని ఫ్రెంచి రాయబారి వ్రాసెను. ఆ రెండు వస్తువులు ఊడిన పిమ్మట మిగిలినవాడు మరల కమ్మరి కొడుకే. జూలై 28న తల తీసిరి.

మేము చెప్పుచున్న రాణి కథలో ఇట్టి ఘట్టములు రెండు. మొదటిది ఆమెది కాదు, ఆమె జ్ఞాతి స్కాట్లండు రాణి మేరీది. పందొమ్మిదేండ్లు ఇంగ్లండులో చెరయందుండి, 1587 ఫిబ్రవరి 8న ఫోదరింగే కోటలో వధ్యవేదిక ఎక్కినది. పై ఉడుపు నలుపు. సేవకురాండ్రు దానిని తొలగించినప్పుడు లోపల ముదురు ఎఱుపు. కతోలికులకు అది మతముకొఱకు ప్రాణమిచ్చినవారి రంగు. నేరస్థురాలిగా ఎక్కించిన వేదికపై ఆమె అరనిమిషములో మతవీరురాలిగా మారినది. తన చివరి వేషమును తానే కల్పించుకొని, సమయమునకు తెర తీసినది. కాని అంతటితో తీరలేదు. తలారి తెగిన తలను జుట్టుపట్టి ఎత్తగా విగ్గు చేతికి వచ్చి, పొట్టిగా కత్తిరించిన నెరసిన తల నేలపై పడినది. అప్పటికామెకు నలువదినాలుగేండ్లు. రక్తము అంటిన బట్టలనెల్ల కాల్చివేసిరి. గుడ్డముక్క దొరికినను జనము పూజింతురని వారికి భయము. బట్టకు అంత బలమున్నదని ప్రభుత్వములకే తెలియును!

రెండవది 1599 సెప్టెంబరు 28, నాన్‌సచ్ రాజసౌధము, ఉదయము పది గంటలు. ఎసెక్స్ ప్రభువు రాణికి మిక్కిలి ప్రియుడు. ఐర్లండు యుద్ధమునకు పోయి, కార్యము చెడి, అనుమతి లేకయే తిరిగివచ్చెను. ముఖమునకు కూడ బురద అంటియుండగా, గుఱ్ఱము దిగిన కాలితో నేరుగా రాణి పడకగదిలో చొరబడెను. రాణి అప్పుడే లేచినది. ఉడుపు లేదు, పూత లేదు, జుట్టు ముఖముపై చెదరియున్నది. ఇంతకాలము పటములు దాచినదంతయు ఆ మనిషి ఒక్కసారి చూచెను. ఆమె కేక వేయలేదు. చేయి ముద్దుపెట్టుకొననిచ్చి, మంచిమాటలాడి, బట్టలు మార్చుకొని రమ్మని పంపినది. మధ్యాహ్నమునకు పూర్తి ఉడుపులతో నున్న రాణి స్వరము మారినది. ఆ రాత్రియే అతనిని గదిలో ఉంచి కావలి పెట్టిరి. ఆ దినము తరువాత ఆమె అతని ముఖము చూడలేదు. 1601 ఫిబ్రవరిలో అతని తల తెగినది. విగ్గు లేని తలను చూచినందులకు చంపినదని అనుట అన్యాయము. ఐర్లండులో అతడు చేసినది, ఆపై లండను వీధులలో లేవదీసిన తిరుగుబాటు చాలు. కాని ఈ ఆరవ భాగము ఎసెక్స్ కథయే. అయిదు భాగములపాటు బట్టలు దొంతరలుగా పేర్చినది ఈ ఒక్క ఉదయము కొఱకేనా అని మాకనిపించినది. తొడుగు ఎంత దట్టమో తెలిసిన తరువాతనే తొలగింపు భయపెట్టును.

ఈ రాణి చేసిన ఒక చేవ్రాలుతో మనకును సంబంధము కలదు. 1600 డిసెంబరు 31న ఆమె ఒక వర్తక సంఘమునకు పట్టా ఇచ్చినది. అదియే ఈస్టిండియా కంపెనీ. 1611 లో ఆ కంపెనీ ఓడ మన మచిలీపట్టణము చేరినది. వారు వెదకినవానిలో ముఖ్యమైనవి మన అద్దకపు బట్టలు. బట్టకొఱకు వచ్చినవారు ఎంతకాలము ఉండిరో చెప్పనక్కరలేదు.

ఆమె మాత్రము ఆ బట్టను చూడలేదు. 1603 మార్చిలో రిచ్‌మండ్ సౌధములో జబ్బుపడి, పడకపై పండుకొనుటకు నిరాకరించినది. నేలపై దిండ్లు పరపించుకొని, రోజులకొద్ది వానిపైననే కూర్చుండినది. మార్చి 24న మరణించినది. అంతకు కొద్దివారముల ముందు, పట్టాభిషేకమునాడు తొడిగిన ఉంగరము వ్రేలి కండలో దిగబడిపోగా, దానిని అరగదీసి తీయవలసివచ్చినది. నలువదినాలుగు సంవత్సరములుగా తీయని వస్తువు అది. ఈ నాటకమును రేడియోకు ఎట్లు తెత్తుమని మాలో మేము తర్కించుకొన్నప్పుడు రఫ్‌ను, చట్రమును, ముత్యములను అన్నిటిని వదలుకొంటిమి. ఆ ఉంగరము దగ్గర మాత్రము ఆగితిమి. ముసలిచేయి కనుపింపనక్కరలేదు, మైకును దగ్గరగా జరిపి, బంగారముపై ఆకురాయి చప్పుడు వినిపించిన చాలును.